గోడల నిండా మిరెల్

న్యూయార్కులో యూదులుండే తూర్పు పేట, ఓ అద్దె ఇంటి నాలుగో అంతస్తు. 1917 ఫిబ్రవరి, శుక్రవారం మధ్యాహ్నం మూడున్నర. వంటగదిలో హిండా విశ్రాంతి రోజు సబ్బాతుకి జడ రొట్టె అల్లుతోంది. ఆమె మొగుడు లైబిష్, రాతి మీద బొమ్మలు గీసి పోస్టర్లు అచ్చేసే కార్ఖానా నుంచి అప్పుడే వచ్చాడు. లోపలి గదిలో రెండేళ్ళ పాప జ్వరంతో పడుకుని ఉంది. పొద్దు గుంకి సబ్బాతు మొదలైతే కలం పట్టకూడదు, పని ముట్టకూడదు, పోట్లాట కూడా పనికిరాదంటారు. అంటే హిండాకి మిగిలింది గంటన్నర. ఆ గంటన్నరలో ఆమె చాలానే అడిగింది.

"మార్చనంటే మార్చను, హిండా. పేరంటే ఏమన్నా చొక్కానా, మాసిందని మార్చడానికి?"

"మందిరం పెద్ద బెరిష్ గారు ఐదింటిదాకా ఇంట్లోనే ఉంటారట. వెళ్ళి ఒక్క మాట చెప్పి రా. రేపు పొద్దున మందిరంలో ధర్మశాస్త్రం చదివేటప్పుడు అందరి ముందూ పాప కొత్త పేరు పలుకుతారు. నీ సొమ్మేం పోయింది?"

"డాక్టరు ఏమన్నాడు?"

"గొంతు చూశాడు, నాలుక చూశాడు, నా మొహం చూశాడు. రేపటిదాకా ఆగి చూద్దాం అన్నాడు."

"మందిచ్చాడు కదా."

"ఇచ్చాడు, వేశాను. ఆవిరి పట్టాను. మా అమ్మ చెప్పినట్టు చేతికి ఎర్రదారం కట్టాను. ఇక మిగిలింది పేరే."

"ఎర్రదారం కూడానా? యూనియన్ మనిషి ఇంట్లో ఎర్రదారం. రేపు మావాళ్ళెవరన్నా చూస్తే జెండా అనుకుంటారు."

"నవ్వకు. పిల్ల దగ్గుతుంటే నీకు నవ్వెలా వస్తోందో నాకు తెలీదు."

"నవ్వడం లేదే. భయమేసినప్పుడు నేను ఇలాగే వాగుతానని నీకు తెలుసు కదా. ఆ చేప మాడుతున్నట్టుంది."

"చేప సంగతి నేను చూసుకుంటా. పేరు సంగతి నువ్వు చూడు."

"సరే, ఏం పెడదామంటావు?"

"ఖాయా. బతుకు అని అర్థం. జబ్బు చేసిన పిల్లలకి అందరూ పెట్టేదే."

"అంతేనా? దానికింత గొడవెందుకు? ఖాయా మిరెల్. రెండూ కలిపి బాగానే ఉంది."

"కలపొద్దు. మిరెల్ తీసెయ్యాలి."

"తీసెయ్యడమా? జబ్బు చేస్తే పేరు చేరుస్తారు గానీ తీసేస్తారని నేనెక్కడా వినలేదు."

"ఇప్పుడు విన్నావుగా."

"మా నాన్నమ్మ పేరు నీకేం చేసింది హిండా?"

"మీ నాన్నమ్మా?"

"మా నాన్నమ్మే. పాప పుట్టిన రోజే చెప్పాను కదా."

"మీ నాన్నమ్మ పేరేమిటి?"

"మిరెల్."

"ఇంకోసారి చెప్పు. చేప గిన్నె వైపు కాదు, నా వైపు చూసి చెప్పు."

"ఏమిటివాళ నీకు?"

"ఇవాళ పొద్దున కోడి కొనడానికి వెళ్ళాను. ఆ దుకాణంలో ఈకలు పీకే ముసలమ్మ ఉంది చూడు, గిట్టెల్, మీ ఊరిదే."

"ఉంది. ఎప్పుడూ ఎవరినో ఒకరిని తిడుతూ ఉంటుంది."

"ఇవాళ తిట్టలేదు. ఉల్లిపాయల ధర మీద పక్క బండి దగ్గర ఆడవాళ్ళు పెద్ద రభస చేస్తున్నారు, ఆ గోలకి తలెత్తింది. ఎదురుగా దుకాణం అద్దం మీద నువ్వు గీసిన పోస్టరు. పొద్దున్నే అంటించి వెళ్ళారట. చేతిలో కోడి జారి కింద పడిపోయింది. పడితే పడిందని వదిలేసి, కొంగుతో కళ్ళు తుడుచుకుని దగ్గరికెళ్ళి ఆ కాగితం మీద చెయ్యి పెట్టింది. ఏమన్నదో తెలుసా?"

"ఏమంది?"

"'ఇది మా మిరెల్ కదూ, సున్నం ష్మూల్ కూతురు.'"

"గిట్టెల్‌కి చూపు సరిగ్గా ఆనదు. పోయిన నెల నన్ను పట్టుకుని మా అన్న పేరుతో పిలిచింది."

"కనుబొమ్మ మీద గాటు కూడా ఆనింది. చిన్నప్పుడు సున్నం బట్టీ దగ్గర రాయి ఎగిరి తగిలిందట. ఆ గాటు నువ్వు గీశావు, లైబిష్."

"గాటు ఎవరికైనా ఉంటుంది."

"దుకాణంలో పదిమందీ నా వైపు తిరిగారు. కోళ్ళాయన పెళ్ళాం, 'మీ ఆయన గీసిన బొమ్మే కదమ్మా' అని ఎంత తియ్యగా అడిగిందో. నా తల కొట్టేసినట్టయింది. కోడి తీసుకోకుండానే వచ్చేశాను. అందుకే ఇవాళ చేపతోనే సరిపెట్టుకో."

"చూడు హిండా. అది యుద్ధంలో చితికిపోయినవాళ్ళ కోసం వేసిన పోస్టరు. చందాలు పోగుచేసే కమిటీ వాళ్ళు ఒక తల్లి బొమ్మ కావాలన్నారు. శాలువా కప్పుకుని, చేతిలో ఖాళీ గిన్నె పట్టుకుని ఉండాలన్నారు. కింద రాత కూడా వాళ్ళిచ్చిందే, 'మీ బల్ల మీద రొట్టె ఉంది, ఆమె బల్ల మీద?' అని. నేను గీసింది ఆకలి మొహం. ఎవరి మొహమూ కాదు."

"ఎవరి మొహమూ కాదా?"

"కాదు."

"నువ్వు రాతి మీద అన్నీ తిరగేసి గీయాలి కదా?"

"అవును. అచ్చులో తిన్నగా రావాలంటే రాతి మీద కుడిది ఎడమ, ఎడమది కుడి."

"ఏదన్నా చూసి గీస్తారా, చూడకుండా గీస్తారా?"

"మామూలుగా ఫొటోనో స్కెచ్చో పెట్టుకుని, పక్కన అద్దం పెట్టుకుని చూస్తూ గీస్తాం."

"ఈ బొమ్మకి ఫొటో ఉందా?"

"లేదు."

"స్కెచ్చు?"

"లేదు. టైము లేక తిన్నగా రాతి మీదే…"

"తిన్నగా రాతి మీదే. ఫొటో లేదు, స్కెచ్చు లేదు, అద్దం కూడా లేదు. ఆమె కళ్ళు, ఆమె గడ్డం, ఆమె కనుబొమ్మ మీద గాటు, అన్నీ తిరగేసి, కళ్ళు మూసుకుని గీసేశావు."

"కళ్ళు మూసుకుని ఎవరన్నా గీస్తారా?"

"అటు తిరుగు. గోడ వైపు. తిరుగు."

"ఎందుకే?"

"తిరిగావా? ఇప్పుడు చెప్పు. నా పుట్టుమచ్చ ఏ బుగ్గ మీద ఉంది?"

"హిండా, చిన్నపిల్లలాగా…"

"ఆరేళ్ళు పక్కనే పడుకుంటున్నావు. ఏ బుగ్గ?"

"ఎడమ."

"ఇటు చూడు."

"…రాతి మీదైతే ఎడమే."

"నేను రాతి మీద లేను లైబిష్. నీ ఇంట్లో ఉన్నాను."

"సరే. కూర్చో."

"పిండి ఆరిపోతుంది, నిలబడే వింటాను. చెప్పు."

"ఆమె పేరు మిరెలే. సున్నం ష్మూల్ కూతురే. నాకు పదిహేడేళ్ళప్పుడు మా ఇద్దరికీ పెళ్ళి నిశ్చయం అయింది. పెద్దలంతా కూర్చుని కాగితం రాసుకున్నారు, మా అమ్మా వాళ్ళమ్మా కలిసి ఆనవాయితీ ప్రకారం పళ్ళెం పగలగొట్టారు. పటాలంలోకి తీసుకెళ్తారని నేను అమెరికా వచ్చేశాను. ఏడాదిన్నర బొగ్గు మోసి ఆమెకి ఓడ టికెట్టు పంపాను."

"వచ్చిందా?"

"రేవుదాకా వచ్చింది. అక్కడ డాక్టరు రెప్పలు తిప్పి చూసి కంటి జబ్బు ఉందని వెనక్కి పంపేశాడు."

"రెండో టికెట్టు పంపావా?"

"కళ్ళు నయం చేయించుకోవాలి కదా ముందు."

"పంపావా?"

"లేదు."

"మా ఇంట్లో గది అద్దెకి దిగావు."

"దిగాను."

"మా అమ్మ బార్లీ జావ తాగావు."

"తాగాను. రెండేసి గిన్నెలు తాగాను."

"నేను నీ చొక్కాలకి బొత్తాలు కుట్టాను. మంచి పిల్లవి అన్నావు. ఆ చొక్కా వేసుకునే ఆమెకి ఉత్తరాలు రాశావు."

"అప్పటికి తగ్గించేశాను."

"పెళ్ళి చేసుకుంటున్నానని రాశావా ఆమెకి?"

"రాద్దామనే అనుకున్నాను."

"రాశావా?"

"ఎలా రాయను హిండా? మూడుసార్లు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. 'ప్రియమైన మిరెల్' దగ్గరే ఆగిపోయేది. వచ్చే నెల రాద్దాం, పండగ వెళ్ళాక రాద్దాం అనుకుంటూ… చివరికి ఉత్తరాలే మానేశాను."

"ఉలుకూ పలుకూ లేకుండా."

"పిరికితనమే. కాదన్నానా?"

"ఆమె ఏమనుకుని ఉంటుంది?"

"తెలీదు. తిట్టుకుని ఉంటుంది. తిట్టుకుని ఎవరినో చేసుకుని ఉంటుందిలే అని సరిపెట్టుకున్నాను. తర్వాత యుద్ధం వచ్చింది. ఊరు ఊరంతా ఖాళీ చేయించారు. ఆపైన వార్సాలో టైఫాయిడ్‌తో పోయినవాళ్ళ జాబితా ఇక్కడి మా ఊరివాళ్ళ సంఘానికి వచ్చింది. గట్టిగా చదవమని నాకే ఇచ్చారు, సెక్రటరీని కదా. 'మిరెల్, ష్మూల్ కూతురు' అని ఉంది. నా నోటితోనే చదివాను. అందరూ వింటున్నారు, ఆగకుండా తర్వాతి పేరుకి వెళ్ళాను."

"అది పాప పుట్టడానికి ఎన్నాళ్ళ ముందు?"

"మూడు వారాలు."

"అంటే నేను తొమ్మిదో నెల పొట్టతో ఇక్కడ తిరుగుతుంటే, నువ్వు బల్ల దగ్గర కూర్చుని ఆమె కోసం ఏడ్చావు."

"నీ ముందు ఏడవలేదు."

"అదే నేనంటున్నది. జలుబు చేసిందని నాకు చెప్పావు. నేను నీకు పాలు మిరియాలు కాచి ఇచ్చాను."

"నిజం చెప్తే ఆ స్థితిలో నువ్వు బాధపడతావని చెప్పలేదు. పోయినవాళ్ళ పేరు పిల్లలకి పెట్టుకోవడం మనవాళ్ళందరూ చేసేదే. ఆమెకి మొగుడున్నాడో లేడో, పిల్లలున్నారో లేరో తెలీదు. సమాధి లేదు, రాయి లేదు. నేను ఆమెకి ఇవ్వగలిగింది ఈ ఒక్కటే అనిపించింది. నాన్నమ్మ అని అబద్ధం చెప్పాను. అది తప్పే."

"మీ నాన్నమ్మ అసలు పేరేమిటి?"

"త్సిపె."

"బాగానే ఉంది కదా త్సిపె. నేను పెట్టుకునేదాన్నే."

"హిండెలె, ఇటు చూడు. చచ్చిపోయిన మనిషి మీద అసూయా?"

"హిండెలె అనకు. అవసరం ఉన్నప్పుడే అంటావు ఆ మాట. అవును, అసూయే. ఎందుకు ఉండకూడదు? రెండేళ్ళుగా రోజుకి వందసార్లు నా నోటితో ఆమె పేరు పిలిపించావు. పాలిస్తూ మిరెలె అన్నాను. ముద్దు పెట్టుకుంటూ మిరెలె అన్నాను. నీకెంత హాయిగా ఉండేదో అది వింటుంటే. నువ్వు పనినుంచి రాగానే నన్ను పలకరించకముందే 'నా మిరెలె ఏదీ' అని లోపలికి పరిగెత్తేవాడివి. మురిసిపోయేదాన్ని, కూతురంటే ఎంత ప్రాణమో అని."

"కూతురినే పిలిచాను హిండా. ఒట్టు."

"ఇప్పుడు గోడల నిండా ఆమే. మాంసం కొట్లో ఆమె, మందుల షాపులో ఆమె, రైలు స్తంభాలకి ఆమె. మందిరం గుమ్మానికి కూడా అంటించారు. సోమవారం నేను ఆమె మొహం కిందున్న డబ్బాలో పది సెంట్లు వేశాను. పాపం ఎవరో తల్లి అనుకుంటూ, మా ఆయన ఎంత బాగా గీశాడో అనుకుంటూ. పక్కావిడకి చూపించి గొప్పలు కూడా చెప్పుకున్నాను."

"ఆ డబ్బు అక్కడ ఎవరి నోట్లోనో రొట్టె ముక్క అవుతుంది. అది తప్పా?"

"నన్నెప్పుడూ ఎందుకు గీయలేదు?"

"నువ్వు ఆకలితో లేవు కదా."

"ఎవరు చెప్పారు?"

"పాప లేచినట్టుంది."

"దగ్గుతోంది. ఉండు, చూసి వస్తా. నువ్వు రాకు, నీ చేతులు చల్లగా ఉంటాయి."

"ఎలా ఉంది?"

"అలాగే కాలిపోతోంది. నీళ్ళు రెండు చుక్కలు మింగింది. పేరు పెట్టి పిలవబోయి ఆగాను. పాపా అని పిలిచాను. నాలుగు కావస్తోంది లైబిష్. బెరిష్ గారింటికి వెళ్ళు."

"నీ అసూయ కోసం ఆ పేరు తీసెయ్యమంటావు."

"నా అసూయ కోసమే అనుకో. అలాగే అనుకుని వెళ్ళు."

"వెళ్ళను. నా మీద కోపముంటే నన్ను తిట్టు, ఏడాది పాటు మాట్లాడకు, ఆ పోస్టర్లన్నీ చింపేసిరా, నేనే నిచ్చెన పట్టుకుంటాను. కానీ ఆమె పేరు తియ్యను. ఒకసారి ఆమెకి చెప్పకుండా వదిలేశాను. రెండోసారి చెయ్యను."

"పోయిందని నీకు అంత నమ్మకమా?"

"చెప్పాను కదా, జాబితా నేనే చదివాను."

"మీ ఊళ్ళో ష్మూల్‌లు ఎంతమంది?"

"ఏమిటి?"

"ఎంతమంది ష్మూల్‌లు?"

"నలుగురో ఐదుగురో. సున్నం ష్మూల్, గుర్రాల ష్మూల్, కుంటి ష్మూల్… ఎందుకు?"

"గుర్రాల ష్మూల్‌కి కూతుళ్ళు లేరా?"

"నలుగురున్నారు. వాళ్ళ పేర్లు నాకేం గుర్తుంటాయి? హిండా, ఎందుకడుగుతున్నావు?"

"పస్కా పండగ గిన్నెల పెట్టె తాళంచెవి ఆ మేకుకి ఉంది. తియ్యి."

"ఫిబ్రవరిలో పస్కా గిన్నెలెందుకు? నీ చేతుల నిండా వాటికి తగలకూడని పులిసిన పిండి. మీ అమ్మ చూస్తే…"

"అందుకే నిన్ను తియ్యమంటున్నా. చేతులు కడుక్కుని తియ్యి. పైన నీలం పళ్ళేలు, వాటి కింద గుడ్డ. గుడ్డ కింద."

"కవరు. వార్సాని పట్టుకున్న జర్మన్ల ముద్ర ఉంది. ఇది హాలెండు ముద్ర. నా పేరు మీద వచ్చింది. ఇది… ఇది ఎప్పుడొచ్చింది?"

"హనుక్కా పండగ నాలుగో రోజు."

"విప్పావు."

"విప్పాను."

"నాకు వచ్చిన ఉత్తరాన్ని రెండు నెలలుగా పస్కా గిన్నెల కింద…"

"ఏడాదికొక్కసారి తీసే పెట్టె. అంతకన్నా మంచి చోటు ఈ రెండు గదుల్లో లేదు. చదువు. గట్టిగా చదవకు, నాకు తెలుసు అందులో ఏముందో."

"'ప్రియమైన లైబిష్, ఈ ఉత్తరం నీకు చేరుతుందో లేదో…' హిండా. ఈ చేతిరాత."

"చదువు."

"'మన ఊరి సంఘం అమెరికా నుంచి పంపిన సాయం కాగితం కింద సెక్రటరీ అని నీ పేరు, నీ అడ్రసు చూశాను. మూడుసార్లు చూశాను.' బతికే ఉంది. హిండా, బతికే ఉంది. జాబితాలో ఉన్నది ఆమె కాదు. బతికే ఉంది."

"చూశావా నీ మొహం?"

"ఏమైంది?"

"పాప పుట్టినప్పుడు కూడా ఇంతలా వెలగలేదు. ఇదిగో, దీనికే దాచాను. ఈ మొహం చూడాల్సి వస్తుందని."

"ఆమె ఆకలితో ఉంది. విను ఇది, 'నేలమాళిగలో పదకొండు మందిమి ఉంటున్నాం. బంగాళాదుంప తొక్కలు కూడా ఇప్పుడు కొనుక్కోవాల్సి వస్తోంది. నీ దగ్గర ఏం మిగిలినా, పాత కోటు అయినా సరే…' హిండా, అక్టోబరులో రాసింది. ఇప్పుడు ఫిబ్రవరి. నడి శీతాకాలం."

"తెలుసు."

"తెలిసి దాచావా?"

"దాచాను. రోజూ రేపు ఇద్దాం అనుకునేదాన్ని. పండగ వెళ్ళాక ఇద్దాం అనుకునేదాన్ని. నీ లాగే. అక్కడ ఆమెని ఆకలితో ఉంచి ఇక్కడ ఆమె బొమ్మ కింద పది సెంట్లు వేసి చేతులు దులుపుకున్నదాన్ని నేను. నన్ను ఏమన్నా అను, పడతాను. కానీ ముందు బెరిష్ గారింటికి వెళ్ళు."

"ముందు కమిటీ ఆఫీసుకి వెళ్ళాలి. నాలుగున్నరకి మూసేస్తారు, మళ్ళీ ఆదివారమే. నా కోటు ఏదీ? పొట్లం పంపించవచ్చు, స్టాక్‌హోమ్ మీదుగా మా సంఘంవాళ్ళు…"

"లైబిష్. పేరు."

"పేరుకేం? ఇప్పుడు మరీ మంచిది కదా. ఎవరి కోసం పెట్టామో ఆ మనిషి బతికే ఉంది."

"అదే నేను చెప్పేది. బతికున్న మనిషి పేరు పెట్టుకున్నాం. మనవాళ్ళలో ఎవరన్నా పెడతారా? మృత్యుదూత ఒక మిరెల్ కోసం వచ్చి ఇంకో మిరెల్‌ని పట్టుకుపోతాడని నీకు మీ అమ్మ చెప్పలేదా?"

"చెప్పింది. గోరు కత్తిరించి పారేస్తే దయ్యాలు ఏరుకుంటాయని కూడా చెప్పింది. హిండా, వార్సా నుంచి సముద్రం దాటి, అడ్రసు వెతుక్కుంటూ, నాలుగంతస్తులు ఎక్కి వస్తాడా దూత? మన అద్దె వసూలు చేసేవాడే రెండో అంతస్తులో ఆగిపోతాడు. ఇది గొంతు జబ్బు. ఈ వీధిలో ముప్పైమంది పిల్లలకి ఉంది. వాళ్ళందరి పేరూ మిరెలేనా?"

"నేను కూడా ఇలాగే అనుకున్నాను. హనుక్కా నుంచి మొన్నటి మంగళవారం దాకా ఇలాగే అనుకున్నాను. పాత భయాలు, అమెరికాలో పనిచెయ్యవు అని. మంగళవారం పిల్ల ఒళ్ళు కాలింది."

"జ్వరం తగ్గుతుంది. ఆదివారం తీరిగ్గా కూర్చుని మాట్లాడుకుందాం, ఖాయా చేర్చాలంటే చేరుద్దాం. ఇప్పుడు నన్ను వెళ్ళనీ."

"ఉత్తరం అంతేనా?"

"ఇక్కడితో ఆగింది, కింద సంతకం లేదు. రెండో కాగితం ఉండాలి."

"ఉంది. నా ఏప్రాన్ జేబులో. నా చేతులు పిండి, నువ్వే తియ్యి."

"పెట్టెలో లేదే ఇది."

"మంగళవారం నుంచి నా దగ్గరే ఉంది. దీన్నొక్కదాన్నీ పొయ్యిలో వేద్దామనుకున్నాను. వెయ్యలేకపోయాను. గట్టిగా చదువు."

"'నీ మీద కోపం లేదు లైబిష్. నీ ఉత్తరాలు ఆగిపోయిన ఏడాదే, నువ్వు అక్కడ ఏదో కార్ఖానా మంటల్లో పోయావని మా నాన్న చెప్పాడు. నమ్మాను. లేకపోతే నువ్వు రాయకుండా ఎందుకుంటావు అనుకున్నాను.' …దేవుడా."

"చదువు."

"'ఏడు రోజులు సంతాపంగా నేలమీద కూర్చున్నాను. పెళ్ళి కాకపోయినా కూర్చున్నాను. తర్వాత నన్ను పక్క ఊరాయనకి ఇచ్చి చేశారు. మంచివాడే, యుద్ధంలో పోయాడు. మాకొక బాబు. వాడికి పేరు పెట్టిన రోజు మా నాన్న మధ్యలో లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఎవరు పిలిచినా లోపలికి రాలేదు. ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు.' హిండా, ఇక్కడ తడిసి చెరిగిపోయింది."

"నేను తడిపాను. అది నాకు నోటికి వచ్చు. 'నా బాబు పర్ణశాలల పండగకి వారం ముందు జ్వరంతో పోయాడు. మూడేళ్ళు. ఒంటిమీద దద్దురు లేదు, వేరే రోగమేమీ లేదు, మూడు రోజుల జ్వరం. వాడిని మట్టి చేసిన తర్వాతి వారమే ఆ కాగితం మీద నీ పేరు చూశాను.'"

"పాపం. అయ్యో, పాపం మిరెల్."

"నువ్వు ఒకటి అడగలేదు."

"ఏమిటి?"

"ఆ బాబు పేరు."

"…ఏం పేరు?"

"లైబిష్ అని పెట్టుకుంది, బతికే ఉన్న నువ్వు పోయావనుకుని. ఇక కోటు తొడుక్కో, పొద్దు వాలుతోంది."